చేతిదీపము

చరిత్రగ్రంథములు తెరచి చూచినచో రాజుల పట్టాభిషేకములును, యుద్ధముల సంవత్సరములును, కోటల కొలతలును కానవచ్చును. కాని చీకటి పడిన పిమ్మట గడప దాటిన సామాన్యుడు ఏ వెలుతురున అడుగు వేసెనో తెలిసికొనగోరినచో ఆ గ్రంథములు మౌనము వహించును. మానవుని ఆయుర్దాయములో సగము రాత్రియే గదా! ఆ సగమునకు చరిత్ర లేదా? కలదు. అది రాజమందిరముల గాజుదీపములలో లేదు. సామాన్యుని యింటిలో గోడమేకునకు వ్రేలాడు చిన్న దీపములో కలదు. అట్టి వానిలో మిక్కిలి చిన్నదియు, మనకు మిక్కిలి చేరువయైనదియు నగు చేతిటార్చిని గూర్చి చదువరులకు నాలుగు మాటలు మనవి చేయ దలచితిమి.

మా మాక్లూరు రైతు దీనిని టార్చి యనడు, "బ్యాటరీ" యనును. "బ్యాటరీ తే" యన్నచో టార్చిని తెమ్మని యర్థము. లోపల నుండు వానిని "సెల్లులు" అనును. దేహమునకు ప్రాణము పేరే పెట్టిన యీ పల్లెవారి వివేకము మాకు నచ్చినది. ఏలయన సెల్లులు లేని టార్చి వట్టి గొట్టమే గదా.

టార్చి రాకమునుపు చీకటిలో నడచువా డొకడు, దీపము పట్టువాడు వేరొకడు. దొర పొరుగూరికి వెడలినను, అధికారి మకాము చేసినను, పెండ్లి యూరేగింపు సాగినను కాగడా పట్టవలసినవాడు తరచుగా చాకలి. నూనెలో తడిపిన గుడ్డచుట్టలను కఱ్ఱకొనకు కట్టి, ఆరిపోకుండ నడుమనడుమ నూనె పోయుచు, ముఖమునకు సెగయు కన్నులకు పొగయు సహించుచు ఆతడు ముందు నడచెడివాడు. వెలుగు వెనుక వచ్చువానిది. వేడి ముందు నడచువానిది. అట్లు ఊరి దొరకు దారి చూపి యిల్లు చేరిన యాతని గుడిసెలో వెలుగునది చిన్న ఆముదపు ప్రమిద. నూనె యయిపోవునను భయముచే అన్నము తినగానే దానిని గూడ ఆర్పివేయుదురు. పిమ్మట కిరసనాయిలు వచ్చెను. బుడ్డియు, కందిలియు వచ్చెను. కందిలి చేతిలో పట్టుకొని నడువ దగినదే. కాని గాలివాన కొట్టినచో ఆరును, పడినచో గాజు పగులును, గడ్డివామి యొద్దకు గొనిపోయినచో ప్రమాదము.

నైజాము రాష్ట్రమున ఇట్టి సేవలు కూలికి గాక వెట్టికి జరుగుట మామూలై యుండెను. 1921లో హైదరాబాదున నేర్పడిన ఆంధ్రజనసంఘము వెట్టిచాకిరిని మాన్పుటను తన ముఖ్యకార్యములలో నొకటిగా గైకొనెను. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను మొదటి ఆంధ్రమహాసభ జరిగెను. 1937లో ఆరవ సభ మందుముల నరసింగరావుగారి అధ్యక్షతను మా నిజామాబాదుననే జరిగెను. ఆ పెద్దలు టార్చిని గూర్చి తీర్మానములు చేసిరని మేము చెప్పబోము. అయినను ఒకని దారికి వేరొకడు నిర్బంధముగా దీపము పట్టరాదను న్యాయము వారి యుద్యమమున ఇమిడియే యున్నది. ఎవరి దారికి వారే దీపము పట్టుకొనుటకు రెండు కావలెను: వెట్టి పోవలెను, చౌకయైన చేతిదీపము రావలెను. మొదటి దానికి మన పెద్దలు పాటుపడుచుండగా, రెండవది సముద్రము దాటి వచ్చుచుండెను.

ఆ రాకయొక్క కథ వినదగినది. 1866లో ఫ్రాన్సుదేశీయుడగు లెక్లాంషే యను శాస్త్రజ్ఞుడు నవాసారపు నీటితో నింపిన గాజుపాత్రలో జింకుకడ్డీని, మాంగనీసు చూర్ణము దట్టించిన బొగ్గుకడ్డీని ఉంచి విద్యుత్తును పుట్టించెను. అది తంతికార్యాలయముల బల్లలకు తగినదే గాని, చేత పట్టుకొని నడచుటకు తగినది కాదు, వంగినచో నీరొలికిపోవును. 1886లో జర్మనీయందు కార్ల్ గాస్నర్ అను నాతడు ఆ నీటిని ముద్దగా మార్చి, జింకునే డబ్బాగా చేసి, పొడిసెల్లును నిర్మించెను. నేటికిని మన దుకాణములలో చౌకగా దొరకు సెల్లులలో జింకు డబ్బా, నడుమ బొగ్గుకడ్డీ, చుట్టును మాంగనీసు ముద్ద ఆ వంశమునకు చెందినవే. మా చిన్ననాట ఖాళీసెల్లును రాతితో పగులగొట్టి, ఆ బొగ్గుకడ్డీతో గోడలమీద అక్షరములు వ్రాసితిమి. చదువు చెప్పు వృత్తికి మాకదియే తొలి సాధనము!

1899 జనవరి 10వ తేదీన న్యూయార్కునందుండిన డేవిడ్ మిసెల్ అను ఆంగ్లేయునికి గొట్టమువంటి టార్చిపై పేటెంటు హక్కు లభించెను. సెల్లులు ఒకదాని వెనుక నొకటి గొట్టములో, ఒక కొనను బల్బు, దాని వెనుక అద్దమువంటి గిన్నె. నూటయిరువది యేండ్లు దాటినను ఆ రూపము పెద్దగా మారలేదు. ఆ హక్కును పొందిన కంపెనీ కాన్రాడ్ హ్యూబర్టు అను నాతనిది. ఆతడు రష్యా సామ్రాజ్యమునందలి మిన్స్కునుండి పొట్టచేతబట్టుకొని వలస వచ్చిన యూదుడు. మొదటి పేరు అకిబా హోరోవిట్జ్. వలసబ్రతుకు లెరిగిన మా జిల్లావారికి ఈ సంగతి ఆసక్తి కలిగింపకపోదు.

ఆంగ్లభాషలో దీనికి ఫ్లాష్ లైటు అను పేరు గలిగినది గొప్పతనముచే గాదు, బలహీనతచే. ఆనాటి సెల్లులు త్వరగా నీరసించెడివి. బల్బులోని బొగ్గుతీగ ఎక్కువ శక్తిని మ్రింగి తక్కువ వెలుగు నిచ్చెడిది. కావున మీట నొక్కి, ఒక్క మెరుపు మెరిపించి, దారి చూచుకొని, వెంటనే వదలివేయవలసి యుండెను. 1910 ప్రాంతమున టంగ్‌స్టన్ అను లోహపు తీగ బల్బులలోనికి వచ్చిన పిదప గాని వెలుగు నిలుకడగా నిలువలేదు. అనగా ఈ దీపము పుట్టుకతోనే అల్పదీపము. కొలదిపాటి వెలుగును జాగ్రత్తగా వాడుకొనుటయే దీని జాతకము. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని గలదు.

మన దేశమునకు ఎవరెడీ సెల్లులు 1905 ప్రాంతమున దిగుమతియై వచ్చెను. 1934లో ఆ పేరుతో ఇచ్చట కంపెనీ యేర్పడెను. 1939లో కలకత్తాయందు సెల్లుల కర్మాగారమును, 1958లో లక్నోయందు టార్చీల కర్మాగారమును వెలసెను. మా ప్రాంతమున ఆ కాలము నీటికాలము. మంజీరానదిపై 1923లో ఆరంభమైన నిజాంసాగరము 1931లో ముగిసెను. 1937లో బోధనునందు నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. కాలువ నీరు పగలని రాత్రియని యెంచదు. తన వంతు వచ్చినప్పుడు రైతు పొలము గట్టుమీద నుండవలసినదే. చెరకు బండ్లు రాత్రియంతయు బోధను దారిని బట్టెడివి. ఇరుసు క్రింద కందిలి యూగుచుండెడిది. అట్టి దారులలో ఇత్తడి టార్చి మొదట ఎవరి చేతికి వచ్చెను? దొరకు, పట్వారికి, వైద్యునికి, కాలువ అధికారికి. కాగడా పోయి టార్చి వచ్చినను తొలుత అది గూడ పెద్దల చేతి వస్తువే. సామాన్యరైతు చేతికి దిగివచ్చుటకు మఱి రెండు తరములు పట్టెను.

దిగివచ్చిన పిదప దానికి లభించిన ఆదరము చెప్పనలవి కాదు. రెండు సెల్లుల టార్చి పెండ్లికానుక యయ్యెను. "జీవన్ సాథీ" యను పేరుగల ఇత్తడి టార్చి పెక్కిండ్ల తండ్రినుండి కొడుకునకు సంక్రమించెను. నీరసించిన సెల్లులను మా ముత్తైదువలు వడియములతోపాటు ఎండలో పెట్టెడివారు. వేడికి లోపలి రసాయనక్రియ కొంత చురుకెక్కి, ఒకటి రెండు దినములు మరల వెలిగెడివి. 1972లో ఏర్పడిన ఇండో నేషనల్ కంపెనీ జపానుదేశపు సహకారముతో నెల్లూరు జిల్లాయందు "నిప్పో" సెల్లులను తయారుచేయ మొదలిడిన పిదప, తెలుగుగడ్డపై చేసిన సెల్లులే తెలుగురైతు టార్చిలో వెలిగెను.

ఇచ్చట ఒక చేదు సంగతిని దాచుట చరిత్రకారునికి ధర్మము గాదు. కలకత్తాలో సెల్లులు చేసిన కంపెనీయే 1959లో యూనియన్ కార్బైడ్ ఇండియా యను పేరు ధరించెను. 1984 డిసెంబరు 2-3 తేదీల నడిరాత్రి భోపాలునందలి దాని పురుగుమందుల కర్మాగారమునుండి విషవాయువు వెలువడి వేలకొలది జనులను బలిగొనెను. పల్లె రైతుకు వెలుగు నమ్మిన చేయియు, పట్టణపు పేదవాడలపై చీకటిని దింపిన చేయియు ఒక్కటియే. పిదప 1994లో ఆ కంపెనీ చేతులు మారి, ఎవరెడీ యను పాత పేరునకు తిరిగి వచ్చెను. వస్తువును మెచ్చవలసినదే, కాని దానిని అమ్మినవారి నడవడిని మరచిపోరాదు.

ఇక మా యూరి సంగతి. మాక్లూరు చుట్టుపట్ల వరియు, పసుపును, చెరకును పండునది కాలువ నీటిచే మాత్రమే గాదు. బావులు, గొట్టపుబావులు వచ్చినవి, వానికి విద్యుత్తు మోటారులు వచ్చినవి. సేద్యమునకిచ్చు కరెంటు వంతులవారీగా వచ్చెడిది. ఆ వంతు పలుమారు అర్ధరాత్రి వచ్చెడిది. 2004లో ఉచిత విద్యుత్తు ఆరంభమైన పిదపను ఈ రాత్రివంతు తప్పలేదు. రైతు నిద్రలేచి, టార్చి చేతబట్టి, బురదగట్టు వెంబడి నడచి, తడిచేతితో మోటారు మీట నొక్కవలెను. 2018 జనవరి 1వ తేదీనుండి తెలంగాణమున సేద్యమునకు ఇరువదినాలుగు గంటల విద్యుత్తు ప్రకటింపబడు వరకును ఈ రాత్రిబ్రతుకు సాగెను.

ఆ దినములలో, 2016 వర్షాకాలమున, మా యింటి తలుపు రాత్రి రెండవజామున ఎవరో తట్టిరి. చూడగా మా తరగతి పిల్లవాడు. "సారూ, మా అమ్మను చీకట్ల ఏమో కరిచింది. బ్యాటరీ ఇయ్యుండ్రి" అని వణకుచు పలికెను. కొలదిదినములకు ముందే మేము పట్టణమున ఒక గొప్ప దీపమును కొనియుంటిమి. అది అరమైలు దూరము వెలుగును విసరునని దుకాణదారుడు చెప్పెను. దానిని పట్టుకొని గర్వముగా బయలుదేరితిమి. వీథి మలుపునకు బోవువరకే అది రెండుమార్లు రెప్ప వేసి ఆరిపోయెను. దాని కడుపు నింపవలసిన కరెంటు మాకు రెండుదినములుగ సరిగా లేదు. వెంటనే యింటికి పరుగెత్తి, మా తల్లిగారు మేకునకు తగిలించిన పాత రెండుసెల్లుల ఇత్తడి టార్చిని తీసికొని పోతిమి. పచ్చని, మందమైన వెలుగు. ఆ వెలుగుననే ఆమె పాదముమీది రెండు గాట్లు కానవచ్చెను. ఆ వెలుగుననే ఆటో దొరకువరకు నడచితిమి. పట్టణమున ఆసుపత్రిలో సకాలమున విరుగుడు సూదిమందు లభించెను. ఎనిమిది దినములకు ఆమె ఇల్లు చేరెను.

అంతయు ముగిసిన పిమ్మట మేమొక ప్రశ్న వేసితిమి: ఆమె చీకటిలో పెరటిలోనికి ఏల పోయెను? సమాధానము మా మనస్సున ముల్లువలె నాటుకొనెను. ఆ యింట టార్చి యొక్కటియే. దానిని మగడు మోటారు వేయుటకై పొలమునకు గొనిపోయెను. దీపముగల చేతిఫోను గూడ ఒక్కటియే. అదియు ఆతని జేబులోనే. ఆతని తప్పు లేదు. పొలములోను పాములు గలవు. కాని ఇంటివారెవ్వరికిని, ఆమెకు గూడ, ఆమెకొక వెలుగు కావలెనన్న తలంపే తోచలేదు. వెట్టి పోయినది, కాగడా పోయినది, కాని ఒకరు వెలుగులోను మఱొకరు చీకటిలోను నడచు ఆచారము మాత్రము ఇంటిగడప లోపల మిగిలియే యున్నది.

ఇది యొక్కయింటి కథ కాదని లెక్కలు తెలుపుచున్నవి. 2020లో ప్రకటింపబడిన యొక పరిశోధన ప్రకారము 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటుచే మరణించినవారు ఇంచుమించు పన్నెండు లక్షలు. సంవత్సరమునకు సగటున 58,000. ఎక్కువ మరణములు సంభవించిన రాష్ట్రములలో మన తెలంగాణముతో గూడిన ఆనాటి ఆంధ్రప్రదేశము నొకటి. అందు సగము మరణములు జూను మొదలు సెప్టెంబరు వరకు గల వానకాలముననే. కాట్లలో పెక్కులు కాళ్లకే. కట్లపాము రాత్రి సంచరించును; రక్తపింజరి గడ్డిలో, చేలలో కదలక పడియుండును. పాము మనుష్యుని వెదకికొని రాదు. మనుష్యుడు చూడక త్రొక్కుటచేతనే పెక్కుమార్లు కరచును. కావున పాదములకు ముందు మూడు గజముల నేల కనబడుటయే ప్రాణరక్షణము. అరమైలు దూరపు తాటిచెట్టు కొన కనబడుటచే మనకేమి ప్రయోజనము? మా గొప్ప దీపమును చూచి ఒక వృద్ధరైతు అన్నమాట మరువరానిది: "సారూ, మీ లైటు ఆ తాటిచెట్టు దాక గొడ్తది గని, కాళ్ల కాడ ఏమున్నదో చూపెడ్తలేదు."

ఆ వృద్ధుని మాటకు శాస్త్రము గూడ సాక్ష్యమిచ్చుచున్నది. కంటి లోపలి తెరయందు చీకటిలో చూచుటకై యేర్పడిన కణములు కలవు. అవి పూర్ణముగా మేలుకొనుటకు దాదాపు అరగంట పట్టును. తీక్ష్ణమైన వెలుగు తగిలినచో క్షణములో వాని శక్తి నశించును. మిక్కిలి ప్రకాశమైన దీపము నార్పిన పిదప మన మంధులమై నిలుచుట అందుచేతనే. వెలుగును కొలుచుటకు ల్యూమెను అను కొలత గలదు. ఒక కొవ్వొత్తి యిచ్చు వెలుగు సుమారు పండ్రెండు ల్యూమెనులు. పాతకాలపు రెండుసెల్లుల టార్చి యిచ్చునదియు పది పదునైదు ల్యూమెనులే! కొవ్వొత్తి తన వెలుగును నలుదెసల చల్లగా, టార్చి దానినే ఒక దిక్కునకు మరల్చును, అంతియే భేదము. మన తాతలు ఆ పదునైదు ల్యూమెనులతోనే పొలము గట్లు దాటిరి, పురుళ్లు పోసిరి, దూడలను వెదకిరి. నేడు బజారున వేలకొలది ల్యూమెనులని బోర్డులు పెట్టి దీపము లమ్ముచున్నారు. సెల్లులోని శక్తి పరిమితము. వెలుగు హెచ్చినకొలది కాలము తగ్గును. ఇది కుండలోని నీరువంటిది. ఒక్కమారు కుమ్మరించినచో రాత్రికి మిగులదు.

మఱి తక్కువ వెలుగు దీర్ఘకాలము నిలుచు మార్గమును విజ్ఞానమే చూపినది. జపానుదేశమున షూజీ నకమురా 1993లో ప్రకాశవంతమైన నీలికాంతి నిచ్చు చిన్న దీపకణమును సాధించెను. దానినుండి తెల్లని కాంతి నిచ్చు ఎల్‌ఇడి దీపము వచ్చెను. ఆ విద్యకు పునాది వేసిన అకాసాకి, అమానో అను వారితోగూడ ఆతనికి 2014లో నోబెలు బహుమాన మీయబడెను. పాత బల్బు అర ఆంపియరు కరెంటు త్రాగగా, చిన్న ఎల్‌ఇడి ఆంపియరులో ఏబదవ వంతుతో వెలుగును. 2003లో నోకియా కంపెనీ 1100 అను చేతిఫోనునందు ఇట్టి చిన్న దీపమును అమర్చెను. అది ప్రపంచమున ఇరువదియైదు కోట్లకు పైగా అమ్ముడుపోయెను. మా పల్లెలలో ఆ ఫోనును మాటలాడుటకంటె దారి చూచుకొనుటకే ఎక్కువగా మెచ్చుకొన్నవారిని మే మెరుగుదుము. ఆ వెలుగు గొప్పది కాదు. కాని అవసరమునకు చేతిలో నుండెను. దీపమునకు అంతకంటె గొప్ప గుణము వేరొండు కలదా?

కొందరు మాతో వాదింపవచ్చును: "ఇప్పుడు ఇంటింట కరెంటు గలదు, చేతిచేతిలో ఫోను గలదు, టార్చి కథ ముగిసినది గదా" యని. ఒప్పుకొనము. 2014 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన స్వచ్ఛభారత కార్యక్రమముచే మరుగుదొడ్లు చాల కట్టబడినవి; సంతోషమే. కాని పెరటి మూలనున్న ఆ గదికి పోవు పదిగజముల దారిలో దీపము లేని యిండ్లను మేము నేటికిని చూచుచున్నాము. చేతిఫోను గాలివానకు తడియును, రాత్రి పదిగంటలకే దాని శక్తి అయిపోవును. అన్నిటికంటె ముఖ్యముగా, ఇంటిలో ఒక్క ఫోనే యున్నచో అది ఎవరి చేతిలో నుండునో ఆ కథ చెప్పియే యున్నాము.

కావున చదువరులకు మా విన్నపము స్వల్పమైనది. ఇంట ఒక గొప్ప దీపమునకు బదులు మూడు చిన్న దీపములు కొనుడు. ఒకటి పొలమునకు పోవువానికి, ఒకటి ఇల్లాలి మంచమునొద్ద, ఒకటి పెరటితలుపు మేకునకు. మేకునకు తగిలించినది మేకుననే యుండవలెను. చీకటిలో వెదకవలసిన దీపము దీపము గాదు. బహుదినములు వాడనిచో సెల్లులను తీసి వేరుగా ఉంచుడు. లేనిచో రసము కారి టార్చిని తినివేయును. వెలుగును ఎదుటివాని కంటిమీదికి గాక నేలమీదికి వంచుడు. పాము కరచినచో కట్టు బిగించుట, గాటు కోయుట, మంత్రగానికై పరుగెత్తుట మాని, కాటుపడిన యవయవమును కదలనీయక, విరుగుడు మందుగల ఆసుపత్రికి తక్షణమే గొనిపొండు. పాలేరును రాత్రి పొలమునకు పంపువారు ఆతని కూలితోపాటు ఆతని చేతి దీపమును గూర్చియు ఆలోచింపుడు. అది దానము గాదు, బాకీ.

ఆ పిల్లవాని తల్లి ఇల్లు చేరిన పిదప మా తల్లిగారు తమ ఇత్తడి టార్చిని ఆమెకే యిచ్చివేసిరి. మొన్న సంక్రాంతికి మేము వారింటికి పోయినపుడు అది పెరటితలుపు ప్రక్క మేకునకు వ్రేలాడుచుండెను. మీట నొక్కి చూచితిమి, వెలిగెను.